వీడియోలో లేని ముహూర్తం

"హలో, ఇది తాగుడు మానేసే మీటింగ్ వాళ్ల నంబరేనా?"

"అవునండి. చెప్పండి."

ఆడగొంతు వినపడగానే మహిపాల్ ఫోన్ పెట్టేద్దామనుకున్నాడు. ఎవరో పెద్దాయన ఎత్తుతాడు, రెండు ముక్కల్లో అడ్రసు అడిగి ఊరుకోవచ్చు అనుకున్నాడతను. ఆఫీసులో పనిచేసే అమ్మాయి కాబోలు.

"నాకు కాదు మేడం. మా ఫ్రెండ్‌కు."

"మంచిది. మీ ఫ్రెండ్ రోజూ తాగుతడా?"

"రోజూ అంటే, పని లేనప్పుడు తాగుతడు. పని ఉన్నప్పుడు సుత తాగుతడు."

"పొద్దుగాల లేవంగనే చేతులు వణుకుతయా?"

మహిపాల్ ఎడమచేతిని ప్యాంటు జేబులో దాచుకున్నాడు, అవతలి మనిషి చూస్తున్నట్టు.

"జరంత వణుకుతయంట."

"చివరిసారి ఎప్పుడు తాగిండు?"

"నిన్న సాయంత్రం ఐదున్నరకు."

"నిమిషాలతోటి సహా చెప్పిండంటే మంచి దోస్తే." ఆ గొంతులో నవ్వు దాగలేదు. "వణుకు ఎక్కువైతే ముందు దవాఖానకు తోలుకపోండి, డాక్టర్ గోలీలిస్తడు. మీటింగు గురువారం, ఆదివారం సాయంత్రం ఆరున్నరకు. కాజీపేటల చర్చి వెనక చిన్న గది, నీలం తలుపు. ఫీజు లేదు. ఇంటిపేరు ఎవరూ అడగరు. ఒకవేళ ఆయన రాకున్నా మీరైతే రండి."

"నేనెందుకు మేడం?"

"ఊకనే. చాయ్ బాగుంటది."

ఆ నంబరు అతనికి తలనొప్పి గోలీలు కొనడానికి పోయిన మెడికల్ షాపు గోడ మీద దొరికింది. అంతకుముందు వారం రోజులు ఫోనులో వెతికాడు. వెతికితే వచ్చినవన్నీ నెలలకొద్దీ గదిలో పెట్టి తాళం వేసే చోట్లే. ఆ వెలిసిపోయిన కాగితం మీద మాత్రం ఒకటే వాక్యం ఉంది. "మానాలని ఉంటే చాలు."

మానాలని అతనికి నెల కిందటే అనిపించింది, కాశిబుగ్గలో ఓ పెళ్లి తర్వాత.

మహిపాల్‌కు ముప్పై ఒకటి. ఊరు స్టేషన్ ఘన్‌పూర్, ఉండేది వరంగల్లో. పెళ్లిళ్లకు వీడియో తీస్తాడు. ఫోటోలు అతని దోస్తు ఆతిఫ్ తీస్తాడు. ఆ పెళ్లికూతురి తండ్రి సారంగపాణి నేత పనివాడు. బిడ్డ కట్టుకునే మధుపర్కం చీర తనే స్వయంగా మగ్గం మీద నేశాడు. తెల్లటి నూలు, ఎర్రంచు. పదకొండు ఇరవైకి ముహూర్తం. చేతులు వణక్కూడదని మహిపాల్ పొద్దున్నే కారులో కూర్చుని ఒక క్వార్టర్ తాగాడు. వణుకు తగ్గింది. కానీ కెమెరా బటన్ ఒకసారి నొక్కాల్సింది రెండుసార్లు నొక్కాడు.

దాంతో ఆ రోజంతా తలకిందులైంది. తీస్తున్నాననుకున్నప్పుడు కెమెరా తీయలేదు. ఆపేశాననుకున్నప్పుడు తీస్తూ కూర్చుంది. ఇంటికొచ్చి చూస్తే జీలకర్ర బెల్లం లేదు, పుస్తె కట్టింది లేదు, తలంబ్రాలు లేవు. పద్దెనిమిది నిమిషాల పాటు అతని చెప్పులు, భోజనాల హాలు బండలు ఉన్నాయి.

సారంగపాణి తిట్టలేదు. ఆ చెప్పుల వీడియో కాసేపు చూసి, "మల్ల ఒకసారి పెట్టు బిడ్డా, ముందటికేమన్న ఉన్నదేమో" అన్నాడు. ఆ మాట మహిపాల్‌ను నిద్రపోనివ్వలేదు.

*

నీలం తలుపు వెనక పదకొండు మంది ఉన్నారు. ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు నల్లబల్ల, మూలన చాయ్ కెటిల్. ఆవాల రంగు కుర్తా వేసుకున్న అమ్మాయి గ్లాసులు అందిస్తోంది. మహిపాల్ దగ్గరికి వచ్చి అతని ముఖంలోకి చూసింది.

"మీ ఫ్రెండ్ రాలేదా?"

ఆ గొంతే. మహిపాల్ చెవులు వేడెక్కాయి.

"పార్కింగ్‌ల ఉన్నడు."

"పాపం, వానొచ్చేటట్టున్నది. లోపలికి పిలవండి," అని గ్లాసు చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

మీటింగు నడిపే కరీముద్దీన్ రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. తెల్లగడ్డం, ఇస్త్రీ చొక్కా. ఇక్కడ విన్నది ఇక్కడే వదిలేయాలని, ఎవరి సంగతీ బయట చెప్పకూడదని చెప్పి, "ఇయ్యాల ఎవరు మాట్లాడుతరు?" అన్నాడు.

చాయ్ ఇచ్చిన అమ్మాయి వచ్చి ముందు కుర్చీలో కూర్చుంది. ఆఫీసు పిల్ల కదా, ఏవో నోటీసులు చదువుతుంది కాబోలనుకున్నాడు మహిపాల్.

"నా పేరు సుభాషిణి. నేను ఆల్కహాలిక్‌ను. తాగక మూడేండ్ల రెండు నెలలైంది."

నోటిదాకా వెళ్లిన గ్లాసు అక్కడే ఆగిపోయింది. అతను అటూ ఇటూ చూశాడు. ఎవరి ముఖంలోనూ వింత లేదు.

"హైదరాబాద్‌ల నౌకరి చేసినప్పుడు మొదలైంది," అంది సుభాషిణి. "ముందు పార్టీలల్ల, తర్వాత హాస్టల్ గదిల ఒక్కదాన్నే. ఒకసారి మా మేనమామ ఇంట్ల ఫంక్షన్‌కు తాగి పోయిన. బంతిల వడ్డించుకుంట పప్పు బకెట్ తోటి సహా చుట్టాల మీద పడ్డ. దాంతోటి మా చెల్లెకు చూసిన సంబంధం తప్పిపోయింది. తెల్లారి సంది మానేసిన. అయినా మా నాయిన మల్ల ఇంటి గడప తొక్కనియ్యలే."

చున్నీ సర్దుకుని మళ్లీ అందుకుంది.

"పోయిన నెల మా చెల్లె పద్మలత పెండ్లి అయింది. కాశిబుగ్గల. నన్ను పిలువలే. పిలగాని దిక్కోళ్లకు నేను బొంబాయిల ఉన్నానని చెప్పిండ్రంట. అమ్మ దొంగతనంగ ఫోన్ చేసి, వీడియో వస్తది బిడ్డా, చూపెడ్త అన్నది. నేను గదే ఎదురు చూసిన. ఫోటోల అందరు కెమెరా దిక్కు చూస్తరు. వీడియోల అయితే మనుషులు మనుషులను చూస్తరు. తీరా వస్తే అండ్ల పుస్తె కట్టేదే లేదు. వీడియో తీసేటోడు తాగున్నడంట."

మహిపాల్ మోకాలి మీద చాయ్ ఒలికింది. కాలింది కూడా అతనికి తెలియలేదు.

"నాకు కోపం రాలే, నవ్వచ్చింది. నేను తాగుతనేమోనని నన్ను రానియ్యలే. తాగినోన్ని పిలిచి కెమెరా చేతికిచ్చిండ్రు."

గదిలో అందరూ మెల్లగా నవ్వారు. ఆమె కూడా నవ్వింది, కానీ కళ్లు నవ్వలేదు. మహిపాల్ లేచి, ఎవరి ముఖమూ చూడకుండా బయటికి నడిచాడు.

బండి దగ్గరికి చేరేలోపు వెనక నుంచి అడుగులు వినిపించాయి. సుభాషిణి అతని హెల్మెట్ పట్టుకుని వచ్చింది.

"మర్చిపోయిండ్రు. మీ ఫ్రెండ్‌కు చెప్పండి, మొదటిరోజు అందరు ఉరుకుతరు. నేనైతే గోడ దుంకి ఉరికిన."

అతను నోటికొచ్చింది అనేశాడు. "మిమ్మల్ని చూస్తే అట్ల అనిపియ్యదు."

"ఎట్లుండాలె? మీసాలుండాల్నా?"

అతను తల దించుకున్నాడు. సన్నగా తుంపర మొదలైంది. ఆమె చున్నీ తల మీదికి లాక్కుని, "గురువారం రండి," అని లోపలికి వెళ్లిపోయింది.

*

గురువారం వచ్చాడు. దవాఖానకు పోయి గోలీలు తెచ్చుకున్నాడు. వణుకుతూనే ఆదివారం వచ్చాడు, మళ్లీ గురువారం వచ్చాడు. ప్రతిసారీ చెప్పేద్దామనే వచ్చేవాడు. ప్రతిసారీ ఆమె చాయ్ గ్లాసు ఇచ్చి ఏదో ఒకటి అనేది, చెప్పాల్సింది గొంతులోనే ఉండిపోయేది.

"నా పేరు మహిపాల్. నేను ఆల్కహాలిక్‌ను," అని అతను మొదటిసారి లేచి అన్నరోజు సుభాషిణి పక్కకు వంగి, "మరి పార్కింగ్‌ల ఉన్నాయన ఎవరు?" అంది గుసగుసగా.

"ఆయన ఊరికి పోయిండు."

"మంచి పని చేసిండు. మల్ల రావొద్దను."

ఓ సాయంత్రం మీటింగు అయ్యాక వాన దంచి కొట్టింది. ఇద్దరూ మూసి ఉన్న జిరాక్స్ షాపు రేకుల కింద నిలబడ్డారు. వాన చినుకులు ఆమె చెప్పుల మీద పడుతుంటే ఆమె జరిగింది. జరిగితే భుజానికి భుజం తగిలింది. ఇద్దరూ రోడ్డు వైపే చూశారు, రోడ్డు మీద ఏదో గొప్ప వింత జరుగుతున్నట్టు.

"మీరేం పని చేస్తరు?" అంది ఆమె.

"కంప్యూటర్ పని," అన్నాడు మహిపాల్. అన్నాక తన మీద తనకే అసహ్యం వేసింది.

"అందుకే ఫోన్ గంత దూరం పట్టుకొని చూస్తాండ్రు. హన్మకొండల కండ్లద్దాల షాపుల కండ్లు పరీక్ష చేసేది నేనే. ఒకసారి రండి."

వాన తగ్గాక కరీముద్దీన్ అతన్ని పక్కకు పిలిచాడు. "బేటా, నాకు కండ్లున్నయ్. మొదటి ఏడాది ఇష్క్ బంద్. ముందు నీ కాళ్ల మీద నువ్వు నిలబడు."

"అది కాదు చాచా. ఇంకోటున్నది," అని మహిపాల్ మొత్తం చెప్పేశాడు.

ముసలాయన గడ్డం నిమురుకుంటున్న చేయి ఆగింది. "నేను రైళ్లల్ల ముప్పై ఏండ్లు చేసిన. రెండు బండ్లు ఒకే పట్టా మీద ఎదురుంగ రావడం చూడలే. ఇయ్యాల చూస్తాన. రేపు పోయి ఆమెకు చెప్పు. దాచిపెట్టినోడు మళ్ల తాగుతడు."

*

షాపు వెనక చీకటి గదిలో సుభాషిణి అతని ముక్కు మీద బరువైన ఇనుప ఫ్రేము పెట్టింది. ఎదురుగా వెలిగే పలకలోని అక్షరాలు అతను పై నుంచి కింది దాకా చదివాడు.

"కింది లైన్ మల్ల చదవండి. ఇది బాగున్నదా?" అద్దం మార్చింది. "ఇది బాగున్నదా?"

"సుభాషిణి గారూ, పద్మలత పెండ్లి వీడియో తీసింది నేనే."

ఆమె చేతిలో ఉన్న గుండ్రటి అద్దం గాలిలోనే ఆగింది. బయట షాపులో ఎవరో ఫ్రేములు బేరం చేస్తున్నారు.

"ఎప్పటిసంది తెలుసు?"

"మీరు చెప్పిన రోజుసంది."

"యాభై రెండు రోజులు," అంది ఆమె. అతను తాగకుండా ఉన్న రోజుల లెక్క అది. అతనికంటే ఆమెకే బాగా గుర్తుంది. "యాభై రెండు రోజులు నా చేతి చాయ్ తాగినవ్. నా బాధంతా విన్నవ్. కంప్యూటర్ పని అన్నవ్."

మొదటిసారి నువ్వు అంది. ఎన్నాళ్ల నుంచో వినాలనుకున్న పిలుపు అతనికి ఇలా వినపడింది.

"ఆ ఫ్రేము తీసి టేబుల్ మీద పెట్టు. కింది లైన్ దాకా చదివినవ్, నీ కండ్లు మంచిగనే ఉన్నయ్. పో."

అరగంట తర్వాత మహిపాల్ ఓ వైన్స్ ముందు నిలబడి కరీముద్దీన్‌కు ఫోన్ చేశాడు.

"చాచా, చెప్పిన."

"ఎక్కడున్నవ్ బేటా?"

"దుకాణం ముందట."

"ఏం కొనకు. నేను ఆటోల వస్తాన. అప్పటిదాకా జర పక్కకు నిలబడు, గిరాకికి అడ్డమొస్తవ్."

వచ్చిన ముసలాయన ఏమీ అడగలేదు. దగ్గరలోని హోటల్లో ఉస్మానియా బిస్కట్లు తినిపించి అన్నాడు. "మాఫీ నోటితోటి అడిగితే సరిపోదు. ఏం చెడగొట్టినవో అది బాగుచెయ్. ఆమె మెప్పు కోసం చెయ్యకు. ఆమెకు చెప్పకు సుత."

*

పోయిన ముహూర్తం ఎలా తిరిగొస్తుంది? రెండు రోజులు ఆలోచించి, ఆతిఫ్ తీసిన పెళ్లి ఫోటోలు ముందేసుకున్నాడు. పుస్తె కట్టే ఫోటోలో పెళ్లికూతురి వెనక చుట్టాలు ఫోన్లు పైకెత్తి పట్టుకుని ఉన్నారు. ఒక్కొక్కరి చుట్టూ ఎర్రటి సున్నా చుట్టాడు. పద్నాలుగు ఫోన్లు.

ఆ పద్నాలుగు మందిని వెతుక్కుంటూ కాశిబుగ్గ గల్లీలు తిరిగాడు, నెక్కొండకు పోయాడు, పల్లెలకు పోయాడు. ప్రతి గుమ్మం ముందూ ఒకటే మాట. "నేను తాగి ఆ పెండ్లి వీడియో ఖరాబు చేసినోణ్ణి. మీ ఫోన్‌ల ఏమన్న ఉంటే ఇయ్యుండ్రి." ఒకాయన ముఖం మీదే తలుపేశాడు. ఒకాయన గంటసేపు తిట్టి, చివరికి అన్నం పెట్టి పంపాడు. ముగ్గురు అప్పటికే చెరిపేశారు.

నెక్కొండలో సారలమ్మ అనే ముసలామె, పెళ్లికూతురి నాయనమ్మ చెల్లెలు, ఫోన్ తెచ్చిచ్చింది. అందులో పెళ్లి లేదు. ఫోన్ తిరగేసి పట్టుకోవడంతో పదకొండు నిమిషాల పాటు ఆమె ముఖమే ఉంది, ఏడుస్తూ, ముక్కు చీదుతూ. కానీ ఆమె మండపం పక్కనే కూర్చుంది. అయ్యవారి మంత్రం, సన్నాయి, పద్మలత చిన్నగా దగ్గింది కూడా అందులో స్పష్టంగా వినిపించాయి. మహిపాల్ ఆ ముసలామె రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆమెకు ఎందుకో అర్థం కాలేదు.

తొమ్మిది ఫోన్ల ముక్కలు కలిపి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. మూడో రోజు అతని చేయి మౌస్ మీద బిగుసుకుపోయింది. వరుడు పుస్తె కడుతున్నాడు. అందరి చూపూ పెళ్లికూతురి మీదే ఉంది. సారంగపాణి ఒక్కడే అటు చూడటం లేదు. అతను హాలు గుమ్మం వైపు చూస్తున్నాడు. ఇంకో ఫోన్ వీడియో తెరిచాడు. అందులోనూ గుమ్మం వైపే. మరోటి తెరిచాడు. ఎవరో అక్షింతలు వేయమని భుజం తడితే ఉలిక్కిపడి అక్షింతలు చల్లి, మళ్లీ గుమ్మం వైపే చూశాడు.

ఆ పెద్దాయన ఎవరికోసం చూస్తున్నాడో ఆ రోజు మహిపాల్‌కు తెలియదు. అప్పుడు తాగున్నాడు. ఇప్పుడు తెలిసింది.

మర్నాడు సారంగపాణి ఇంటికి పోయాడు. ఆయన మగ్గం దిగి, తువ్వాలుతో చేతులు తుడుచుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. భార్య వెనక నిలబడింది. పన్నెండు నిమిషాలు ఎవరూ కదల్లేదు. తను గుమ్మం వైపు చూస్తున్న చోట సారంగపాణి చేయి ఎత్తి ఆపమన్నాడు.

"గా మనిషి నేనేనా?"

"నువ్వే కాకా."

"నేను గట్ల చూసిన్నా?"

వెనక నుంచి భార్య అంది. "రెండు గంటలు గట్లనే చూసినవ్. అడిగితే కొట్లాడుతవని ఊకున్న."

సుభాషిణి పేరు మహిపాల్ నాలుక చివరిదాకా వచ్చింది. నీలం తలుపు వెనక విన్నది అక్కడే వదిలేయాలి. మింగేశాడు. చివరికి సారంగపాణే అన్నాడు, "నాకు ఇంకో బిడ్డ ఉన్నది. బొంబాయిల లేదు. హన్మకొండల్నే ఉన్నది."

రెండు రోజుల తర్వాత మహిపాల్ ఫోన్ మోగింది. సుభాషిణి.

"మా నాయిన షాపుకు వచ్చిండు," అంది. "కుర్చీల కూసోని, కండ్లు చూడు బిడ్డా, మూడేండ్లసంది సరిగ కనిపిస్తలేదు అన్నడు. ఫ్రేము పెడ్దామంటే కండ్లు తుడుచుకునుడే అయితాంది. నాదీ గదే కథ. బయట గిరాకి అంతా చూస్తాండ్రు."

"ఇంటికి పోయినవా?"

"పోయిన. చెల్లె, బావ సుత వచ్చిండ్రు. వీడియో చూసినం." ముక్కు చీదుకుంది. "నా గురించి వాళ్లకు ఒక్క మాట చెప్పలేదంట నువ్వు."

"అక్కడ విన్నది అక్కడ్నే వదిలెయ్యాలె గద."

"గురువారం రా. కానీ నాలుగు కుర్చీల అవతల కూసో. నీకింకా ఏడాది నిండలే."

*

ఏడాది నాలుగు కుర్చీల దూరంలోనే గడిచింది. రెండో వానాకాలం మొదట్లో, ఓ ఆదివారం, ఏడాది నిండినందుకు కరీముద్దీన్ అతని అరచేతిలో ఓ ఇత్తడి బిళ్ల పెట్టి వెన్ను తట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మహిపాల్ జేబులో నాలుగు రోజులుగా రాసుకున్న కాగితం ఉంది. దానిలో ప్రేమ అనే మాట ఎక్కడ పెట్టాలో తెలియక మూడుసార్లు కొట్టేశాడు.

బయటికి రాగానే సుభాషిణి అడిగింది. "శనివారం నాకు సెలవు. స్టేషన్ ఘన్‌పూర్‌కు బండి ఎన్నింటికి?"

"ఎందుకు?"

"మీ అమ్మను చూడాలె."

కాగితం జేబులోనే నలిగిపోయింది. "నేనింకా అడుగనే లేదు గదా."

"అడుగు అయితే."

రాసుకున్నదంతా మర్చిపోయాడు. "నాతోటి ఉంటవా?" అన్నాడు, అంతే.

"ఉంటా. ఇగ బండి టైం చెప్పు."

మహిపాల్ తల్లి సమ్మమ్మ కూలి పనికి పోయే మనిషి. కొడుకు తాగుడు మానేశాడని తెలుసు గానీ, ఎక్కడ, ఎలా మానేశాడో తెలియదు. చక్కగా చీర కట్టుకుని వచ్చిన పిల్లను చూసి ముఖం వెలిగిపోయింది. చాప వేసింది, మంచినీళ్లిచ్చింది. ఏం చదివినవు, ఏం పని చేస్తవు, అన్నీ అడిగింది. చివరికి, "మావోడు నీకెట్ల తెలుసు బిడ్డా?" అంది.

మహిపాల్ ఏదో చెప్పబోయాడు. సుభాషిణి అతన్ని చూపుతోనే ఆపింది.

"తాగుడు మానేసేటోళ్ల మీటింగ్‌ల కలిసినం అమ్మా. నేను సుత తాగేదాన్ని. చాన తాగేదాన్ని."

సమ్మమ్మ చేతిలో చెంబు చాప మీదికి జారింది. నీళ్లు పారి గడప దాకా పోయాయి. ఆమె వాటిని తుడవలేదు. పిల్ల ముఖంలోకి, జడలోని పూలలోకి, గాజుల చేతుల్లోకి మార్చి మార్చి చూసింది.

"ఇప్పుడు తాగుతలేవు గద?"

"ఇయ్యాల తాగలే."

"రేపు?"

"రేపటి సంగతి నాకు తెలువదమ్మా. ఇయ్యాలైతే తాగ. రేపు లేచినంక మల్ల ఇయ్యాలే అనుకుంట. నాలుగేండ్లసంది గిట్లనే గడుస్తాంది."

సమ్మమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. గోడ మీద దండ వేసిన భర్త ఫోటో ఉంది. ఆమె దాని వైపు చూడకుండానే మాట్లాడింది.

"మీ మామ పదిహేడేండ్లు రేపటిసంది బంద్ అన్నడు. నా మీద ఒట్టేసిండు, పిలగాని మీద ఒట్టేసిండు. పోయే ముందటి రోజు సుత రేపటిసంది అనే అన్నడు. ఇయ్యాల అన్నోళ్లను నేను ఇప్పుడే చూస్తాన."

మీ మామ. ఆ మాట మహిపాల్‌కు ఒక్క క్షణం ఆలస్యంగా అందింది. సుభాషిణికి అప్పటికే అందింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గడప దాకా పారిన నీళ్లు తుడవడానికి లేచింది. సమ్మమ్మ ఆమె చేయి పట్టుకుని మళ్లీ కూర్చోబెట్టింది.

"నువ్వు కూసో బిడ్డా. వాడు తుడుస్తడు."